గోదావరి మొగల దగ్గర సిలికానూ క్షారతనూ కొలవండి: డెల్టా నీటి అధికారులకు బహిరంగ లేఖ

తూర్పు గోదావరి, కాకినాడ, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాలలో నదీజలాల, తీరజలాల నాణ్యతను పర్యవేక్షించే అధికారులకూ, ఆ కొలతలను ఆధారం చేసుకొని నిర్ణయాలు తీసుకునే పెద్దలకూ నమస్కారములు.

అయ్యా, అమ్మా,

పోలవరం జలాశయం పూర్తి మట్టానికి నిండకముందే, ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువనా దిగువనా, గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు సముద్రంలో కలిసే మొగల దగ్గరా, కాకినాడ అఖాతంలోనూ ఏడాది పొడవునా నీటిలో కరిగివున్న సిలికాను, మొత్తం క్షారతను, అంటే ఆమ్లాన్ని తటస్థం చేయగల నీటి శక్తిని, తగ్గినకొద్దీ ఆమ్లగుణం పెరిగినట్టు తెలిపే పీహెచ్‌ను తగినంత సూక్ష్మంగా కొలిపించి, ఆ లెక్కలన్నిటినీ ఒకేచోట ప్రజలకు అందుబాటులో ఉంచవలసిందిగా కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను. కోరిక చిన్నదే. కారణం చెప్పడానికి మాత్రం కొంత చోటు కావాలి. ఈ కొలతలు ఎవరి జీవనాధారానికి సంబంధించినవో ఆ జీవులు కంటికి కనిపించవు, ఏ శాఖ పద్దులోనూ ఉండవు. నేను ఈ డెల్టాలోనే రసాయనశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయుణ్ణి.

ముందుగా ఆ జీవుల సంగతి. సముద్రపు పైపొరల్లోనూ, మొగల దగ్గరి ఉప్పునీటిలోనూ, మన చెరువుల్లోనూ డయాటమ్‌లనే ఏకకణ జీవులున్నాయి. సూర్యరశ్మితో తమ ఆహారాన్ని తామే తయారుచేసుకునే ఈ జీవులు భూమి మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో సుమారు ఐదో వంతు చేస్తున్నాయని శాస్త్రవేత్తల అంచనా. ప్రతి డయాటమ్ తన చుట్టూ గాజు గూడు కట్టుకుంటుంది. కుంకుమ భరిణెకు మూత బిగించినట్టు రెండు ముక్కలుగా అమరే ఆ గూడు నీటిని కలుపుకున్న సిలికాతో తయారవుతుంది. నదినీటిలో, సముద్రపు నీటిలో అతి పలుచగా కరిగివున్న సిలిసిక్ ఆమ్లాన్ని కణపు పొరలోని ప్రత్యేకమైన ప్రోటీన్లు లోపలికి చేరవేస్తాయని 1997లో తేలింది. లోపలికి వచ్చిన ఆమ్లం ఒక చిన్న సంచిలో, కొద్దిపాటి ఆమ్లగుణం ఉన్న ద్రవంలో, 1999లో జర్మనీ శాస్త్రవేత్తలు వేరుచేసి చూపిన సిలాఫిన్లనే ప్రోటీన్ల సహాయంతో గట్టిపడి, సూక్ష్మదర్శినిలో మాత్రమే కనిపించే రంధ్రాలతో, గీతలతో, ఆ జాతికే ప్రత్యేకమైన నమూనాలో గూడుగా మారుతుంది. ఇసుకను కరిగించి గాజు చేయడానికి మనకు వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమి కావాలి. ఈ పని మామూలు సముద్రపు నీటి వేడిమిలోనే జరిగిపోతోంది.

డయాటమ్ రెండుగా చీలినప్పుడు ఒక్కొక్క పిల్లకణానికి గూడులో ఒక సగమే దక్కుతుంది; రెండో సగాన్ని అది కొత్తగా తయారుచేసుకోవాలి. అందువల్ల నీటిలో సిలికా తగ్గిపోతే, నత్రజని ఎంత ఉన్నా, ఎండ ఎంత కాసినా, డయాటమ్‌ల సంఖ్య పెరగడం ఆగిపోతుంది. అవి ఇంచుమించుగా నత్రజని పరమాణువులు 16 తీసుకుంటే సిలికాన్ పరమాణువులు 15 తీసుకుంటాయి. భాస్వరం ఒకటి చాలు. ఈ నిష్పత్తిని గుర్తుంచుకోవలసిందిగా మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే నా వాదనంతా దాని మీదే నిలిచి ఉంది.

ఈ సిలికా సముద్రానికి ఎక్కడినుంచి వస్తుంది? ముఖ్యంగా నదుల నుంచి. గోదావరి నాసిక్ దగ్గరి త్ర్యంబకం కొండల్లో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. దాని పరీవాహకంలోని పైభాగమంతా దక్కను నల్లరాయి, అంటే బసాల్టు. గాలిలోని కార్బన్ డయాక్సైడు వానచినుకులో, నేలలోని తేమలో కరిగి పలుచని కార్బోనిక్ ఆమ్లంగా మారి ఆ రాతిని నెమ్మదిగా తింటుంది; ఆ క్రమంలో రాతిలోని కాల్షియం, సిలికా విడుదలవుతాయి, ఆమ్లం బైకార్బొనేటుగా మారుతుంది. బసాల్టు ఇలా కరగడంలో గ్రానైటు కన్నా ఎంతో చురుకైనది. కాబట్టి గోదావరి మనకు తెచ్చేది నీరూ ఒండ్రూ మాత్రమే కాదు. డయాటమ్‌ల గాజుకు కావలసిన సిలికా, సున్నపు గూళ్లు కట్టే జీవులకు కావలసిన కాల్షియం, బైకార్బొనేటు కూడా ఆ నీటిలోనే కరిగి, కంటికి కనిపించకుండా వస్తున్నాయి.

ధవళేశ్వరం దగ్గర ఈ సరఫరా మొదటిసారి చీలుతుంది. 1852లో ఆనకట్ట పూర్తయిన నాటినుంచి నదినీరు కాలువల్లోకి మళ్లి సుమారు పది లక్షల ఎకరాల ఆయకట్టును తడుపుతోంది. అక్కడ సిలికాకు ఇంకొక గిరాకీ ఉంది: వరి. వరి మొక్క నత్రజని కన్నా ఎక్కువగా సిలికాను పీల్చుకొని కాండంలో, ఆకులో, గింజ మీది పొట్టులో గట్టి ఖనిజంగా దాచుకుంటుంది. రైసు మిల్లుల వెనుక గుట్టలుగా పడివుండే ఊక బూడిదలో నూటికి ఎనభై వంతులకు పైగా సిలికాయే. ఆ బూడిదలోని ఖనిజానికీ, డయాటమ్ గూటిలోని ఖనిజానికీ మూలం ఒక్కటే. వరి సిలికాను తీసుకోవడం తప్పని నేను అనడం లేదు. అన్నం పెట్టే పంటకు అది న్యాయమైన వాటా. అయితే ఊకగా, బూడిదగా డెల్టా దాటిపోతున్న సిలికా ఎంత, మురుగు కాలువల ద్వారా తిరిగి సముద్రానికి చేరుతున్నది ఎంత అన్న లెక్క ఎవరైనా వేయాలంటే, కాలువ తలల దగ్గరా, మురుగు కాలువల చివరలోనూ కొలతలుండాలి.

పొలాల నుంచి తిరిగివచ్చే మురుగునీటిలో మరొక మార్పు జరుగుతుంది. యూరియాలోనూ, డీఏపీలోనూ నత్రజని, భాస్వరం ఉంటాయి, సిలికా ఉండదు. చేపల, రొయ్యల చెరువుల నుంచి వదిలే నీటికీ ఇదే వర్తిస్తుంది. అంటే నది ప్రధాన పాయలో ఎగువ జలాశయాల వల్ల సిలికా తగ్గే అవకాశం ఉండగా, కోనసీమ మురుగు కాలువల ద్వారా, కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు ద్వారా నత్రజని పెరిగే అవకాశం ఉంది. నేను పైన చెప్పిన 16కు 15 అన్న నిష్పత్తి రెండు వైపుల నుంచీ వంగిపోవచ్చు. అలా వంగినప్పుడు డయాటమ్‌ల చోటును సిలికా అవసరం లేని ఇతర సూక్ష్మజీవులు ఆక్రమిస్తాయి. వాటిలో కొన్ని విషపూరితమైనవి, కొన్ని చేపలకు మేతగా పనికిరానివి. వరద రోజుల్లో నదికి ఎదురీదే పులస, సముద్రంలో విలసగా ఉన్నప్పుడు తినే మేతలో డయాటమ్‌లది పెద్ద వాటా. పులస ధర ఏటా పత్రికలకెక్కుతుంది గాని, ఆ చేప మేత సంగతి ఇంతవరకూ ఎవరికీ పట్టినట్టు లేదు.

జలాశయంలో సిలికా తగ్గడానికి కారణం కష్టమైనదేమీ కాదు. పారే నీటిలో మట్టి కలిసివుండి వెలుతురు లోతుకు దిగదు, నీరు నిలిస్తే మట్టి అడుగుకు పోయి నీరు తేరుకుంటుంది, వెలుతురు దిగుతుంది, మంచినీటి డయాటమ్‌లు అక్కడే పెరిగి, సిలికాను గూళ్లలో పట్టుకొని, చనిపోయి, అడుగున బురదలో చేరిపోతాయి. ఎగువన మహారాష్ట్రలోని పైఠణ్ నుంచి కిందికి గోదావరి మీద ఇప్పటికే ఇటువంటి నిలువనీళ్లు చాలా ఉన్నాయి.

ఈ విషయంలో యూరప్ అనుభవాన్ని మీ దృష్టికి తేదలచాను, ఎందుకంటే దానిలో పాఠం మొదట కనిపించినంత సులువుగా లేదు. డాన్యూబ్ నది మీద రొమేనియా, యుగోస్లేవియాల సరిహద్దులో ఐరన్ గేట్ ఆనకట్టను 1972లో పూర్తిచేశారు. ఆ తరువాత నల్ల సముద్రానికి చేరే సిలికా సుమారు మూడింట రెండు వంతులు తగ్గిందనీ, డయాటమ్‌లు వెనుకబడి, సున్నపు పలకలను మోసే కోకోలిథోఫోర్ల వంటి ఇతర ఏకకణ జీవులు విజృంభించాయనీ 1997లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది. లోకమంతా ఆ ఆనకట్టనే తప్పుపట్టింది. అయితే 2004లో మరికొందరు ఆ జలాశయంలోకి వచ్చే నీటినీ, బయటికి పోయే నీటినీ జాగ్రత్తగా కొలిచి చూస్తే, అక్కడ ఆగుతున్న సిలికా నూటికి నాలుగైదు వంతులకు మించలేదు. మరి మిగిలిన తగ్గుదల ఎక్కడిది? ఎగువనున్న అనేక చిన్న ఆనకట్టలదా, ఎరువుల నత్రజనితో నదిలోనే పెరిగిన డయాటమ్‌లదా, పాత కొలతల తీరులో ఏదైనా తేడా ఉందా? ఆనకట్టకు ముందునాటి కొలతలు, నది పొడవునా, రుతువుల వారీగా, ఒకే పద్ధతిలో ఉండివుంటే ఈ ప్రశ్న ముప్పై ఏళ్ల తరువాత వాదంగా మిగిలేది కాదు.

పోలవరం విషయంలో మనం అటూ ఇటూ కూడా తొందరపడి మాట్లాడకూడదు. పూర్తి మట్టం దగ్గర దాని నిల్వ 194 టీఎంసీలు. సగటు సంవత్సరంలో ధవళేశ్వరం దాటి సముద్రంలో కలిసే నీరు దానికి పది రెట్లకు పైగానే ఉంటుంది. కాబట్టి వరద నెలల్లో జలాశయంలోని నీరు రోజుల్లోనే మారిపోతుంది, సిలికా ఆగడానికి వ్యవధి ఉండదు. డిసెంబరు నుంచి మే దాకా పరిస్థితి వేరు: నీరు నిలుస్తుంది, తేరుకుంటుంది, ఎండ ఉంటుంది. మొగల దగ్గర మంచినీరు సన్నగిల్లేదీ ఆ నెలల్లోనే. నష్టం ఉంటే అది వార్షిక సగటులో కనిపించదు, వేసవి లెక్కలో కనిపిస్తుంది. సగటులతో సరిపెట్టే నివేదిక ఈ విషయంలో నిజాన్ని దాచిపెట్టగలదు. అందుకే నెలవారీ కొలతలు అడుగుతున్నాను, అందుకే జలాశయం నిండకముందే అడుగుతున్నాను.

ఇక క్షారత, పీహెచ్‌ల సంగతి. సున్నపు గూళ్లు కట్టే ఏకకణ జీవులలో ఫోరామినిఫెరా ముఖ్యమైనవి. ఇవి సముద్రపు నీటినే గుటకలుగా లోపలికి తీసుకొని, ఆ నీటిలోంచి హైడ్రోజన్ అయాన్లను బయటికి తోసి, దాని పీహెచ్‌ను 9కి పైగా పెంచి, అందులోని బైకార్బొనేటును కార్బొనేటుగా మార్చి, కాల్షియంతో కలిపి గదులు గదులుగా గూడు పెంచుకుంటాయి. బయటి నీరు ఎంత ఆమ్లవైపు జరిగితే ఈ తోడిపోతకు అంత ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షలకు 280 వంతులుండే కార్బన్ డయాక్సైడు ఇప్పుడు 420 దాటింది. మనం వదులుతున్నదానిలో సుమారు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటోంది. సముద్రపు పైపొర సగటు పీహెచ్ 8.2 నుంచి 8.1కి దిగింది. ఒక దశాంశమే కదా అనిపిస్తుంది. పీహెచ్ లాగరిథమ్ కొలమానం గనుక ఆ ఒక్క దశాంశం హైడ్రోజన్ అయాన్లలో ఇంచుమించు నూటికి ఇరవై ఆరు వంతుల పెరుగుదల.

మన ప్రమాణాలు ఈ మార్పును చూడగలవా? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని వాడకాన్ని బట్టి ‘ఎ’ నుంచి ‘ఇ’ దాకా ఐదు తరగతులు చేసింది. వన్యప్రాణులకూ చేపల వృద్ధికీ తగిన నీరు ‘డి’ తరగతి. దానికి షరతులు మూడే: పీహెచ్ 6.5కూ 8.5కూ మధ్య ఉండాలి. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. స్వేచ్ఛా అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములు మించకూడదు. తీరజలాల ప్రమాణాలలోనూ పీహెచ్ హద్దులు ఇంచుమించుగా ఇవే. సముద్రపు నీరు 8.2 నుంచి 7.6కు దిగిందనుకోండి, హైడ్రోజన్ అయాన్లు నాలుగు రెట్లవుతాయి, గూళ్లు కట్టే జీవుల పని అతలాకుతలమవుతుంది; కాగితం మీద మాత్రం ఆ నీరు రెండు సందర్భాలలోనూ ‘సరిపోయింది’ అనే గళ్లలోనే ఉంటుంది. ఆ హద్దులను పెట్టినవారిని నేను తప్పుపట్టను, వారి ముందున్న ప్రశ్న కర్మాగారాల వ్యర్థజలాలది. ఇప్పుడు మన ముందున్న ప్రశ్న వేరు.

పైగా మొగ దగ్గర పీహెచ్ సహజంగానే రుతువుతో మారుతుంది. వానాకాలంలో నది తెచ్చే సేంద్రియ పదార్థం కుళ్లి, గోదావరి మొగలోని నీటిలో కార్బన్ డయాక్సైడు గాలిలో ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు పెరుగుతుందనీ, అది గాలిలోకి వెలువడుతుందనీ విశాఖపట్నంలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించారు. కాబట్టి ఏడాదికొకసారి తీసిన నమూనాలోని పీహెచ్ అంకె, పక్కన క్షారత, లవణత లేకుండా, దేనికీ సాక్ష్యం కాదు.

ఇక్కడ ఒక అపోహను తొలగించడం అవసరం. గవ్వలూ, సున్నపు గూళ్లూ కార్బన్‌ను దాచుకుంటాయి కాబట్టి వాటిని పెంచితే గాలి శుభ్రపడుతుందని సభల్లో చెప్పడం విన్నాను. రసాయనశాస్త్రం అలా ఒప్పుకోదు. రెండు బైకార్బొనేటు అయాన్లు కాల్షియంతో కలిసినప్పుడు ఒకటి గూడులోకి పోతుంది, రెండోది కార్బన్ డయాక్సైడుగా నీటిలోకి తిరిగివస్తుంది. సున్నపు గూళ్ల మేలు వేరేచోట ఉంది: వాటి బరువు. బంగాళాఖాతంలో 1987 నుంచి లోతు నీటిలో వేలాడదీసిన పరికరాలలో పడిన పదార్థాన్ని పరిశీలించిన భారత, జర్మనీ శాస్త్రవేత్తలు, నదులు తెచ్చే ఖనిజాలూ ఏకకణ జీవుల గూళ్లూ కలిసి, తేలికపాటి సేంద్రియ పదార్థాన్ని తమ బరువుతో త్వరగా అడుగుకు దింపుతున్నాయని చూపారు. గాలి నుంచి వచ్చిన కార్బన్ లోతుకు చేరేది ఆ దారినే.

క్షారత కొలవడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. భీమవరంలోనైనా, ముమ్మిడివరంలోనైనా వనామి రొయ్యలు పెంచే రైతును అడగండి. ఆల్కలినిటీ ఎంత ఉండాలో, పొర వదిలిన రొయ్యకు కొత్త పెంకు గట్టిపడాలంటే ఏ మినరల్స్ కావాలో చెబుతాడు. నీరు గోధుమ రంగుకు తిరిగితే డయాటమ్‌లు పట్టాయని సంతోషిస్తాడు, నీలి ఆకుపచ్చ తిరిగితే ఆక్వా ల్యాబుకు పరుగెడతాడు. నాలుగెకరాల చెరువుకు అవసరమైన జ్ఞానం మొత్తం నది మొగకు అక్కరలేదని అనుకోవడానికి నాకు కారణం కనిపించదు.

గతంలో కొలవని లెక్కలను కొంతవరకు బురద నుంచి రాబట్టవచ్చు. రాజమహేంద్రవరానికి అవతల గౌరీపట్నం క్వారీలలో రెండు లావా పొరల మధ్య ఇరుక్కున్న అవక్షేపంలోని ఫోరామినిఫెరా గూళ్లను చదివి, దక్కను అగ్నిపర్వతాల ప్రధాన దశ సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్లనాటి మహావినాశనానికి దగ్గరలో ముగిసిందని 2008లో ఒక అంతర్జాతీయ బృందం తేల్చింది. అంత పాతదానికే ఆ గూళ్లు సాక్ష్యం చెప్పగలిగితే, గత నూరేళ్ల మార్పులను కాకినాడ అఖాతపు అడుగు పొరలు చెప్పగలవు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: కోరింగ మడ అడవుల లోపలి బురద కుళ్లు వల్ల ఆమ్లగుణంతో ఉంటుంది, సున్నపు గూళ్లు అందులో కరిగిపోతాయి, ఇసుక రేణువులను అంటించుకొని గూడు కట్టే జాతులే మిగులుతాయి. అక్కడ సున్నపు గూళ్లు దొరకలేదంటే అవి బతకలేదని అర్థం కాదు. అందుచేత అఖాతంలోనూ, మడలోనూ వేర్వేరుగా గొట్టం దించి బురద పొరల నమూనాలు తీయించి భద్రపరచాలి.

ఆచరణలో నేను కోరుతున్నది ఇది. వరద నెలల్లో వారానికొకసారి, మిగిలిన నెలల్లో కనీసం నెలకొకసారి, ప్రతి చోటా పోటు మీద ఒకటి, పాటు మీద ఒకటి నమూనాలు తీయాలి. ప్రతి నమూనాకూ లవణత తప్పనిసరి. సిలికా అంకెలను లవణత అంకెలకు ఎదురుగా గీస్తే, నదినీరూ సముద్రపు నీరూ కేవలం కలుస్తున్నప్పుడు సరళరేఖ వస్తుంది. చుక్కలు ఆ రేఖకు కిందికి దిగితే ఆ మేరకు సిలికాను మొగలోనే డయాటమ్‌లు తీసుకున్నాయని తెలుస్తుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత చెప్పే కొలత మరొకటి లేదు. సిలికా నమూనాలను గాజు సీసాల్లో పట్టకూడదు, సీసాలోని సిలికాయే నీటిలోకి దిగుతుంది. ప్లాస్టిక్ సీసాలే వాడాలి. వాటిని గడ్డకట్టించకుండా చల్లగా ఉంచాలి, గడ్డకడితే సిలికా ముద్దలై అంకె తగ్గుతుంది. అమ్మోనియం మాలిబ్డేటుతో నీలిరంగు తెప్పించి కొలిచే పద్ధతి కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం కళాశాలల ప్రయోగశాలలకు అందుబాటులోనిదే. క్షారతకు పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో టైట్రేషన్ చాలు. సముద్రపు పీహెచ్‌కు మాత్రం మామూలు మీటరు సరిపోదు. రంగు సూచికను కలిపి, నీరు పీల్చుకునే వెలుతురును కొలిచే స్పెక్ట్రోఫొటోమీటరు మీద చేసే పద్ధతి కావాలి, దానికి విశాఖపట్నం శాస్త్రవేత్తల సహాయం కోరవచ్చు.

యానాం పుదుచ్చేరి పాలనలో ఉన్నందున గౌతమి మొగ దగ్గర రెండు ప్రభుత్వాల అనుమతులు అవసరమవుతాయి. ఆ ఉత్తరప్రత్యుత్తరాలు ఈ వేసవిలోనే మొదలైతే వచ్చే జూన్‌లో ఎర్రనీరు దిగేనాటికి మొదటి సీసా నింపవచ్చు. నమూనాలు తీయడానికి భైరవపాలెం, గాడిమొగ, బలుసుతిప్ప, అంతర్వేది మత్స్యకారుల పడవలను కూలి ఇచ్చి వాడుకోవలసిందిగానూ, పోటు పాటుల విషయంలో వారి మాటను పట్టికల కన్నా ముందు వినవలసిందిగానూ కోరుతున్నాను.

భవదీయుడు,
గౌతమీ తీరవాసి అయిన ఒక రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు